సంపాదించే మనిషి జబ్బుపడి ఉద్యోగం ఆగిపోతే: ఇంటి డబ్బు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రైవేటు ఉద్యోగం చేసే భర్తకో భార్యకో పెద్ద జబ్బు వచ్చి, జీతం ఆగిపోయే పరిస్థితిలో ఉన్న ఇళ్ళవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే సందేహాలివి. జబ్బు తేలిన రోజు నుంచి వరసగా పెట్టాం గానీ, మీకు అవసరమైన ప్రశ్న దగ్గర నేరుగా ఆగి చదువుకోవచ్చు. అంకెలు, పరిమితులు 2025 చివరి నాటివి.

## జబ్బు తేలిన తొలి రోజుల్లో

మా ఆయనకి క్యాన్సర్ అని తేలింది. డబ్బు సంగతిలో ముందు దేన్ని పట్టుకోవాలి?

ముందు రెండు పనులు చెయ్యకండి: రాజీనామా ఇవ్వకండి, ఏ ప్రీమియమూ ఆపకండి. మిగతావన్నీ తర్వాత దిద్దుకోవచ్చు, ఈ రెండూ తిరిగి రావు.

ఆ వారంలోనే జీతం పడే ఖాతా స్టేట్‌మెంటు ఆరు నెలలది తీసి, ఆటోమేటిగ్గా కట్ అయ్యేవన్నీ ఒక కాగితం మీద రాయండి. ఎక్కువ ఇళ్ళలో టర్మ్ పాలసీ ప్రీమియం, హోమ్ లోన్ ఈఎంఐ, చిట్టి, సిప్ అన్నీ ఆ ఒక్క ఖాతా నుంచే పోతుంటాయి. జీతం ఆగిన నెల ఖాతా ఖాళీ అవుతుంది. ఎవరూ గమనించకుండానే టర్మ్ ప్రీమియం బౌన్స్ అవుతుంది. నెలవారీ ప్రీమియానికి గడువు దాటాక 15 రోజులు, మూడు నెలలకో ఏడాదికో కట్టేదానికి 30 రోజులే వెసులుబాటు. తర్వాత పాలసీ ల్యాప్స్. పునరుద్ధరించుకోవచ్చు గానీ కొత్తగా ఆరోగ్య వివరాలు అడుగుతారు. క్యాన్సర్ తేలిన మనిషికి అప్పుడు పాలసీ తిరిగి ఇవ్వడం దాదాపు ఉండదు. అందుకే ప్రీమియాలను మీ ఖాతాకి మార్చుకోండి, లేదా ఏడాదికి సరిపడా ఒకేసారి కట్టెయ్యండి.

ఆయన ఫోన్ లాక్ గానీ, ఏ బ్యాంకులో ఏముందో గానీ నాకు తెలియదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

మనిషి మాట్లాడగలిగినప్పుడే కూర్చోబెట్టి అడగండి. మొహమాటపడితే తర్వాత చాలా కష్టం. ముందు కావాల్సింది ఫోన్ లాక్, ఎందుకంటే ఓటీపీలన్నీ అక్కడికే వస్తాయి. ఆధార్‌కీ బ్యాంకుకీ లింకైన నంబరు రీచార్జి ఆగిపోకుండా చూసుకోండి. 90 రోజులు వాడకుండా ఉన్న నంబర్ని కంపెనీ తీసేసుకోవచ్చు.

తర్వాత పాత ఈమెయిళ్ళలో ‘పాలసీ’, ‘ప్రీమియం’, ‘ఫోలియో’, ‘యూఏఎన్’ (పీఎఫ్ సభ్యుడి నంబరు) అని వెతకండి. మర్చిపోయిన పాలసీలు ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. కంపెనీ ఇచ్చే గ్రూప్ టర్మ్ ఇన్సూరెన్స్ సంగతి ఉద్యోగులకే సరిగా తెలియదు. దాన్ని హెచ్‌ఆర్‌ని అడగాల్సిందే.

క్యాష్‌లెస్ అన్నారు, పాలసీలో డబ్బులూ ఉన్నాయి. అయినా డిశ్చార్జి రోజు 65,000 కట్టమన్నారేంటి?

చాలాసార్లు గది అద్దె పరిమితే కారణం. పాలసీ 3 లక్షలు, గది అద్దె అందులో 1 శాతం అని ఉంటే రోజుకి 3,000 రూపాయల గదికే అర్హత. మీరు 6,000 గది తీసుకున్నారనుకోండి. అద్దెలో తేడా ఒక్కటే కడితే సరిపోతుందనుకుంటారు. కానీ అర్హత సగమే కాబట్టి డాక్టర్ల ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు కూడా సగానికి కోస్తారు.

ఐదు రోజుల బిల్లు చూడండి. గది 30,000, డాక్టర్లూ థియేటరూ 1,00,000, మందులు 40,000, మొత్తం 1,70,000. కంపెనీ ఇచ్చేది గదికి 15,000, డాక్టర్లకి 50,000, మందులకి పూర్తిగా 40,000, అంటే 1,05,000. మీ మీద పడేది 65,000. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత వెయ్యకూడదు. వేస్తే అడిగి సరిచేయించండి. చేరేటప్పుడే ఇన్సూరెన్స్ డెస్క్‌లో “మా పాలసీకి ఎంత గది వస్తుంది?” అని అడగడం ఒక్కటే దీనికి మందు. ఆ స్థాయి గది ఖాళీ లేదంటే, ఆ మాట రాతలో తీసుకోండి.

ఏ కాగితాలు దాచాలి? ఇల్లంతా బిల్లులే.

డిశ్చార్జి సమ్మరీ, విడివిడి లెక్కలున్న ఫైనల్ బిల్లు, డబ్బు కట్టిన రసీదులు, ప్రతి మందుల బిల్లుకీ జతగా దాని ప్రిస్క్రిప్షన్, పరీక్షల రిపోర్టులు, స్టెంటో ప్లేటో వేస్తే దాని స్టిక్కరు. ప్రిస్క్రిప్షన్ లేని మందుల బిల్లు క్లెయిములో మొట్టమొదట ఎగిరిపోతుంది. థర్మల్ కాగితం మీది రసీదులు కొన్ని నెలల్లో తెల్లబడతాయి, ఆ రోజే ఫోటో తీసి పెట్టుకోండి.

చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరక ముందు 30 రోజులు, వచ్చాక 60 రోజుల ఖర్చులు ఇస్తాయి. దీన్ని ఎవరూ అడగరు. చేరకముందు చేయించిన స్కాన్‌లు, బయాప్సీ బిల్లులు ఇందులోకే వస్తాయి. రెండు పాలసీలుంటే ఒరిజినల్స్ మొదటి కంపెనీకి వెళ్తాయి. మిగతా సొమ్ముకి వాళ్ళ సెటిల్‌మెంట్ లెటరు, ధ్రువీకరించిన నకళ్ళు రెండో కంపెనీకి పంపాలి.

## సెలవులు అయిపోతున్నప్పుడు

ఇక పనికి వెళ్ళే పరిస్థితి లేదు. మర్యాదగా రాజీనామా ఇచ్చేస్తే పోదా?

ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ నష్టం తెచ్చేది ఆ ఒక్క కాగితమే. “వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను” అని రెండు లైన్లు రాసిచ్చిన రోజున ఇవన్నీ కదిలిపోతాయి:

- కుటుంబం మొత్తానికి ఉన్న కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఆఖరి పనిరోజుతో ఆగిపోతుంది.
- పీఎఫ్‌తో పాటు వచ్చే ఈడీఎల్ఐ జీవిత బీమా సర్వీసులో ఉన్నవాళ్ళకే. ఏడాది నిరంతర సర్వీసు ఉంటే కనీసం 2.5 లక్షలు, గరిష్ఠంగా 7 లక్షలు. జీతం లేని సెలవులో ఉన్నా, పేరు రోల్స్‌లో ఉండి చివరి చందా పడి ఆరు నెలలు దాటకపోతే వర్తిస్తుంది. రాజీనామా ఇస్తే వర్తించదు.
- కంపెనీ గ్రూప్ టర్మ్ కవర్ పోతుంది.
- ఐదేళ్ళు నిండకపోతే గ్రాట్యుటీ (ఉద్యోగం ముగిసేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) పోతుంది. పీఎఫ్ తీస్తే పన్ను పడుతుంది. కారణం ‘అనారోగ్యం’ అని కాగితాల్లో ఉంటే ఈ రెండిట్లోనూ లెక్క మారుతుంది.

కాబట్టి వరస ఇలా ఉండాలి: ముందు ఆర్జిత సెలవు, సిక్ లీవు, తర్వాత జీతం లేని సెలవు. అది కూడా అయిపోయాకే వైదొలగడం. మీరిచ్చే లెటర్లోనూ కంపెనీ ఇచ్చే రిలీవింగ్ లెటర్లోనూ ఫలానా జబ్బు వల్ల పని చెయ్యలేని స్థితిలో వైదొలగుతున్నట్టు స్పష్టంగా ఉండాలి, డాక్టరు సర్టిఫికెట్ జతచెయ్యాలి. హెచ్‌ఆర్ వాళ్ళు మంచిగానే మాట్లాడుతూ “ఫార్మాలిటీ సార్” అంటూ రెడీమేడ్ ఫార్మాట్ ఇస్తారు. అందులో కారణం గడిలో ఏముందో చూడకుండా సంతకం పెట్టించకండి.

జీతం లేని సెలవు నెలల్లో హెల్త్ ఇన్సూరెన్స్‌కి ఉద్యోగి వాటా ఎవరు కడతారో మెయిల్‌లో అడిగి పెట్టుకోండి.

జీతంలోంచి ఈఎస్ఐ (కార్మిక రాజ్య బీమా) కట్ అవుతోంది. ఇంట్లో ఉన్న రోజులకి ఏమన్నా ఇస్తారా?

ఇస్తారు. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్ళకి ఈఎస్ఐ వర్తిస్తుంది (దివ్యాంగులకి 25,000). ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకి చందా పడి ఉంటే, సగటు దినసరి వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు జబ్బు భత్యం వస్తుంది. రోజుకి 600 సగటు అయితే 420 రూపాయలు, 91 రోజులకి 38,220.

అసలు మేలు ఆ తర్వాత ఉంది. క్యాన్సర్, క్షయ, పక్షవాతం, దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం లాంటి 34 జబ్బులకి 80 శాతం చొప్పున, గరిష్ఠంగా రెండేళ్ళ వరకు పొడిగించిన భత్యం ఉంది. దానికి రెండేళ్ళ నిరంతర ఉద్యోగం, నాలుగు చందా కాలాల్లో 156 రోజుల చందా ఉండాలి. 91 రోజులు అయిపోగానే చాలామంది అయిపోయిందనుకుని ఇంట్లో కూర్చుంటారు.

చిక్కు ఎక్కడంటే, సెలవు ధ్రువపత్రం ఈఎస్ఐ డాక్టరు ఇచ్చిందే చెల్లుతుంది. బయట ప్రైవేటు ఆసుపత్రిలో చూపించుకుంటున్నా డిస్పెన్సరీకి వెళ్ళి సర్టిఫికెట్లు గ్యాపు లేకుండా తెచ్చుకోవాలి. మధ్యలో వారం ఖాళీ ఉంటే ఆ వారం డబ్బు పోయినట్టే.

సర్వీసు మూడేళ్ళే. గ్రాట్యుటీ రాదంటున్నారు, నిజమేనా?

మామూలుగా ఐదేళ్ళు కావాలి. కానీ జబ్బు వల్లో ప్రమాదం వల్లో అంతకుముందు చేసిన పని చెయ్యలేని స్థితికి వచ్చి ఉద్యోగం ముగిస్తే ఐదేళ్ళ నిబంధన వర్తించదు. పదిమంది, ఆ పైన పనిచేసే సంస్థలన్నిటికీ ఇది చట్టం. లెక్క: చివరి బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో హెచ్చించి, సర్వీసు ఏళ్ళతో హెచ్చించాలి. బేసిక్ 26,000, సర్వీసు మూడేళ్ళయితే 45,000. చివరి ఏడాదిలో ఆరు నెలలు దాటితే పూర్తి ఏడాదిగా లెక్కేస్తారు. మూడేళ్ళ ఏడు నెలలు ఉంటే నాలుగేళ్ళకి 60,000. కంపెనీ 30 రోజుల్లో చెల్లించాలి.

పీఎఫ్ మొత్తం తీసేద్దామా?

ఉద్యోగంలో ఉండగానే చికిత్స కోసం అడ్వాన్సు తీసుకోవచ్చు. ఆ మనిషి జబ్బుకే కాదు, భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రుల జబ్బుకీ తీసుకోవచ్చు. యూఏఎన్‌తో ఆన్‌లైన్లో పెడితే 5 లక్షల వరకు క్లెయిములు ఆటోమేటిగ్గా పరిష్కారమవుతున్నాయి. ఆగిపోయేవి ఎక్కువగా ఆధార్‌లో పేరు, పీఎఫ్‌లో పేరు తేడా ఉన్నవి, బ్యాంకు ఖాతా కేవైసీ అవనివి. అవసరం వచ్చిన రోజు కాదు, ఈరోజే లాగిన్ అయి అవి చూసుకోండి.

పని చెయ్యలేని శాశ్వత స్థితిలో వైదొలిగితే నిల్వ మొత్తం తీసుకోవచ్చు, ఐదేళ్ళు నిండకపోయినా అనారోగ్య కారణానికి పన్ను ఉండదు. కానీ పింఛను భాగం సంగతి వేరు, దాన్ని తొందరపడి విత్‌డ్రా చెయ్యకండి. సర్వీసులో ఉండగానే శాశ్వతంగా, పూర్తిగా పని చెయ్యలేని స్థితి వచ్చిందని మెడికల్ బోర్డు తేలిస్తే, పదేళ్ళ సర్వీసు లేకపోయినా, ఒక్క నెల చందా పడి ఉన్నా, నెలనెలా పింఛను వస్తుంది. కనీసం 1,000 రూపాయలు. చిన్న మొత్తమే అనిపిస్తుంది, కానీ ఆయన తదనంతరం భార్యకీ పిల్లలకీ కొనసాగుతుంది.

కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ పోతే కొత్త పాలసీ ఎవరిస్తారు?

కొత్త కంపెనీ దగ్గరికి వెళ్తే ప్రస్తుత జబ్బుతో తిరస్కరించే అవకాశం ఎక్కువ. గ్రూప్ పాలసీ ఇచ్చిన అదే బీమా కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మారడానికి అడగండి. ఆఖరి పనిరోజుకి కనీసం నెలన్నర ముందే రాతపూర్వకంగా అడగాలి. గ్రూప్‌లో గడిపిన కాలం, పాత జబ్బుల వెయిటింగ్ పీరియడ్‌లోంచి (వాటికి క్లెయిము ఇవ్వని తొలి కాలంలోంచి) తగ్గుతుంది. ఆ వెయిటింగ్ ఇప్పుడు గరిష్ఠంగా 36 నెలలే. వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు.

మారనివ్వకపోతే మీకూ పిల్లలకీ అయినా విడిగా పాలసీ తీసుకోండి. రోగి ఒక్కరి ధ్యాసలో మిగతా ముగ్గురూ బీమా లేకుండా ఏళ్ళు గడిపేసిన ఇళ్ళు కొల్లలు.

ప్రభుత్వ ఉద్యోగికి జబ్బుతో వైకల్యం వస్తే తీసేస్తారా?

తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం అదే జీతంతో చెయ్యగలిగిన వేరే పోస్టుకి మార్చాలి. అదీ కుదరకపోతే తగిన పోస్టు దొరికేదాకానో పదవీ విరమణ దాకానో అదనపు పోస్టులో ఉంచాలి. ప్రైవేటు ఉద్యోగులకి ఈ రక్షణ లేదు.

## నెలనెలా ఇల్లు నడపడం

చేతిలో ఉన్న డబ్బు ఎన్నాళ్ళు వస్తుందో లెక్క ఎలా వెయ్యాలి?

ఇప్పటికిప్పుడు తీసుకోగలిగిన డబ్బంతా కూడండి. ఇల్లూ స్థలమూ వద్దు. నెలకి వచ్చేదాన్ని నెల ఖర్చులోంచి తీసెయ్యండి. చేతిలో 4,80,000, నెలకి వచ్చేది 28,000, ఖర్చు 52,000 అయితే లోటు 24,000, అంటే 20 నెలలు. ఈ అంకె ఆరు నెలలకి దిగిందంటే ఈఎంఐ, ఇల్లు మారడం లాంటి పెద్ద నిర్ణయాలు ఆలస్యం చెయ్యకూడదు.

అందరూ తప్పుతున్న చోటు వైద్యం ఖర్చు లెక్క. కీమో 21 రోజులకోసారి అయితే ఏడాదికి 12 సార్లు కాదు, 17 సార్లు. కొన్ని నెలల్లో రెండు పడతాయి. వారానికి మూడు డయాలసిస్‌లంటే నెలకి 12 కాదు, 13. అందుకే ఏడాది మొత్తం వేసి 12తో భాగించండి. చికిత్స బిల్లులో కనపడనివి వేరే ఉంటాయి: ఆటోలు, తోడు వెళ్ళినవాళ్ళ తిండి, మధ్యమధ్య రక్తపరీక్షలు, ఫిజియోథెరపీ, డైపర్లు. నెలరోజులు వీటిని మాత్రమే ఒక చిన్న పుస్తకంలో రాయండి. అసలు ఖర్చు రెండో నెలలో గానీ తెలియదు.

ఇంకోటి. వరసగా కొన్ని నెలలు జీతం పడకపోతే శాలరీ ఖాతాని బ్యాంకు మామూలు సేవింగ్స్‌గా మార్చేస్తుంది, మినిమం బ్యాలెన్స్ జరిమానాలు మొదలవుతాయి.

హోమ్ లోన్ ఈఎంఐ కట్టలేకపోతున్నాం. బ్యాంకుకి ఎప్పుడు చెప్పాలి?

మొదటి ఈఎంఐ తప్పకముందే. వరసగా 90 రోజులు బకాయి పడితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది. ఆ తర్వాత బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి ఇంటి మీదికి రావచ్చు. అక్కడికి వచ్చాక బ్రాంచి మేనేజరు చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

వెళ్ళేముందు లోన్ కాగితాల్లో బీమా ఉందో చూడండి. లోన్ ఇచ్చేటప్పుడే ప్రీమియం కలిపేసిన పాలసీలు చాలా ఉంటాయి, కొన్నిటిలో తీవ్ర జబ్బులకీ కవర్ ఉంటుంది. లేకపోతే గడువు పొడిగించమని రాతలో అడగండి. 20 లక్షల బాకీ, 9 శాతం వడ్డీ, పదేళ్ళు మిగిలి ఉంటే ఈఎంఐ సుమారు 25,335. ఇరవై ఏళ్ళకి సాగదీస్తే సుమారు 17,995. నెలకి 7,340 ఊపిరి ఆడుతుంది, బదులుగా మొత్తం వడ్డీ 10.4 లక్షల నుంచి 23 లక్షలు దాటుతుంది. భయపడక్కర్లేదు. ఫ్లోటింగ్ వడ్డీ హోమ్ లోన్‌ని ముందే తీర్చినా జరిమానా లేదు కాబట్టి, పరిస్థితి కుదుటపడ్డాక మళ్ళీ కుదించుకోవచ్చు.

క్రెడిట్ కార్డుకి మినిమమ్ కట్టుకుంటూ పోతే నడుస్తుంది కదా?

నడుస్తున్నట్టు కనపడుతుంది, అంతే. బాకీ 1,00,000, నెల వడ్డీ 3.5 శాతం అయితే 3,500. దాని మీద 18 శాతం జీఎస్టీ 630. మీరు 5,000 కడితే అప్పు తగ్గేది 870. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్త కొనుగోళ్ళకి వడ్డీలేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ. ఆసుపత్రిలో కార్డు గీకాల్సి వస్తే గీకండి, కానీ బిల్లు కట్టాల్సిన గడువులోపు దాన్ని తక్కువ వడ్డీ అప్పులోకి మార్చండి. బంగారం ఇంట్లో పెట్టుకుని కార్డు వడ్డీ కట్టడంలో అర్థం లేదు.

బంగారం, ఎఫ్‌డీ, పీపీఎఫ్, చిట్టి, ఎల్‌ఐసీ. వీటిలో ఏది ముందు కదపాలి?

ముందు సేవింగ్స్, తర్వాత ఎఫ్‌డీ. ఎఫ్‌డీ కాలం దగ్గరపడి ఉంటే రద్దు చెయ్యకుండా దాని మీదే లోన్ తీసుకోండి, వడ్డీ ఎఫ్‌డీ రేటు కన్నా ఒకటి రెండు శాతమే ఎక్కువ ఉంటుంది. పీపీఎఫ్ ఐదు ఆర్థిక సంవత్సరాలు నిండితే, ఖాతాదారుకో జీవిత భాగస్వామికో పిల్లలకో తల్లిదండ్రులకో ప్రాణాంతక జబ్బు ఉంటే ముందే మూసుకోవచ్చు. వడ్డీలో 1 శాతం తగ్గిస్తారు. ఈ సౌకర్యం ఉందని పోస్టాఫీసు కౌంటరులో ఎవరూ వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

బంగారం అమ్మడం కన్నా బ్యాంకులో తాకట్టు మేలు. అయితే రెన్యువల్ తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి, వేలం నోటీసులు ఆసుపత్రి హడావిడిలో చూడరు. చిట్టి తొలి నెలల్లో ఎక్కువ తగ్గింపుకి పాడితే, ఆ నష్టాన్ని వడ్డీగా లెక్కేసుకుని చూస్తే గోల్డ్ లోన్ కన్నా చాలాసార్లు ఖరీదు. ఎండోమెంట్ పాలసీని (పొదుపూ బీమా కలిసినదాన్ని) సరెండర్ చెయ్యకుండా, అంటే మధ్యలో మూసెయ్యకుండా, దాని మీద లోన్ తీసుకోండి. రోగి పేరున ఉన్న ఏ జీవిత బీమానీ సరెండర్ చెయ్యకండి.

చుట్టాలు, స్నేహితులు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

తీసుకోండి, కానీ అప్పా సాయమా అన్నది ఆ రోజే తేల్చుకోండి. రెండేళ్ళ తర్వాత తగవులన్నీ ఈ ఒక్క మాట తేలకపోవడం వల్లే. అప్పయితే 20,000 లేదా అంతకు మించి నగదుగా తీసుకోకూడదు, బ్యాంకు ద్వారానే. సాయమైతే తోబుట్టువులు, తల్లిదండ్రుల లాంటి దగ్గరి బంధువులు ఎంతిచ్చినా పన్ను లేదు. స్నేహితులిచ్చింది ఏడాదిలో అంతా కలిపి 50,000 దాటితే మొత్తం ఆదాయంగా లెక్కకొస్తుంది.

నేను కూడా ఉద్యోగం మానేసి దగ్గరుండి చూసుకోవాలా?

మొదటి ఆరు నెలలు గడవకముందే తేల్చకండి. మీ జీతంతో పాటు మీ పీఎఫ్, మీ గ్రూప్ ఇన్సూరెన్స్ కూడా పోతాయి. ఆ ఇన్సూరెన్స్‌లో రోగిని చేర్చుకునే వీలుంటే ఇప్పుడు మీ ఉద్యోగమే ఇంటికి బీమా. జీతం లేని సెలవు, ఇంటి నుంచి పని, సగం రోజులు అన్నీ అడిగి చూశాక, అటెండెంటు జీతంతో మీ జీతాన్ని పోల్చండి. మీ పేరున టర్మ్ పాలసీ లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

అప్పుల సంగతి, డబ్బు అయిపోతున్న సంగతి ఆయనకి చెప్పాలా?

చెప్పండి. దాచిపెడితే ఆయనకి తెలిసిన పాలసీ, ఎవరికో ఇచ్చిన చేబదులు, ఆఫీసులో రావాల్సిన బిల్లు మీకు ఎప్పటికీ తెలియవు. కీమో రోజున కాకుండా ఓపిక ఉన్న రోజు చూసి, పుస్తకం ముందు పెట్టుకుని అరగంట.

## బయటి సాయం, క్లెయిములు, పన్ను

మాకు ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా? డబ్బు కట్టేశాక తిరిగి వస్తుందా?

తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద 25 లక్షల వరకు. నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది, సందేహాలకి 104. జీతం ఉన్నప్పుడు అర్హత లేని కుటుంబం జీతం ఆగాక అర్హత పొందవచ్చు. కాబట్టి కార్డు సంగతి మళ్ళీ కనుక్కోండి.

చికిత్సకి ముందే అనుమతి తీసుకోవాలి. మీరు కట్టేసిన బిల్లుకి ఈ పథకం నుంచి డబ్బు తిరిగి రాదు. అలాంటి బిల్లులకి ముఖ్యమంత్రి సహాయనిధి దారి, ఒరిజినల్ బిల్లులతో స్థానిక ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా పెట్టుకోవచ్చు. ఆ ఒరిజినల్స్‌ని బీమా కంపెనీకి పంపేసి ఉంటే ఇక్కడ దరఖాస్తు నడవదు, ఏది దేనికి పంపాలో ముందే తేల్చుకోండి.

సదరం సర్టిఫికెట్ తీసుకుంటే ఉపయోగం ఏంటి?

పక్షవాతం, కాలు తీసేయడం, పార్కిన్సన్స్ లాంటివాటితో వైకల్యం 40 శాతం, ఆ పైన ఉంటే చాలా సదుపాయాలకి ఈ వైకల్య ధ్రువపత్రమే తాళంచెవి. దివ్యాంగుల పింఛను ఆంధ్రప్రదేశ్‌లో నెలకి 6,000, తెలంగాణలో 4,016. పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్ళకి ఆంధ్రప్రదేశ్‌లో 15,000. డయాలసిస్ రోగులకి విడిగా పింఛను ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో 10,000, తెలంగాణలో 2,016. ఆదాయ నిబంధనలుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో సదరం శిబిరానికి స్లాట్ మీసేవలోనో సచివాలయంలోనో తీసుకోవాలి. తెలంగాణలో 2025 నుంచి దాని బదులు యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్లో దరఖాస్తు చెయ్యాలి.

క్లెయిము తిరస్కరించారు. ఇంక చేసేదేమైనా ఉందా?

తిరస్కరణ ఏ క్లాజు కింద అన్నది రాతలో తీసుకోండి. ‘పాత జబ్బు దాచారు’ అంటే, పాలసీ నిరంతరాయంగా 60 నెలలు నడిచి ఉంటే మోసం నిరూపిస్తే తప్ప ఆ కారణం చెల్లదు. ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. 30 రోజుల్లో జవాబు లేకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్ళొచ్చు. 50 లక్షల వరకు క్లెయిములు తీసుకుంటారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

క్రిటికల్ ఇల్‌నెస్ (తీవ్ర జబ్బు తేలితే ఒకేసారి సొమ్ము ఇచ్చే) పాలసీ ఉంది. స్ట్రోక్ వచ్చిన వెంటనే డబ్బు ఇస్తారా?

వెంటనే రాదు. పాలసీ మొదలైన 90 రోజుల్లోపు తేలిన జబ్బుకి సాధారణంగా ఇవ్వరు. జబ్బు తేలాక కొన్ని రోజులు, చాలా పాలసీల్లో 30, రోగి బతికి ఉండాలన్న షరతు ఉంటుంది. స్ట్రోక్‌కి నరాల దెబ్బ శాశ్వతమని, కనీసం మూడు నెలలు కొనసాగిందని రుజువు కావాలి. అందుకే మూడు నెలలు నిండాక న్యూరాలజిస్టుతో లోపాలు వివరంగా రాయించండి. ‘కోలుకుంటున్నారు’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే క్లెయిము ఆగుతుంది. ఈ డబ్బుకి బిల్లులతో పనిలేదు, హెల్త్ పాలసీ క్లెయిముతో పాటే తీసుకోవచ్చు.

మధ్యలో ఉద్యోగం ఆగిపోయింది. ఈ ఏడాది రిటర్ను వెయ్యాలా?

వెయ్యండి, చాలాసార్లు రిఫండ్ వస్తుంది. ఏడాది పొడుగునా జీతం ఉంటుందన్న లెక్కతో కంపెనీ పన్ను కోసి ఉంటుంది. ఆదాయపు పన్ను కొత్త విధానంలో 2025-26 నుంచి 12 లక్షల వరకు పన్ను పడదు. పాత విధానంలో అయితే క్యాన్సర్, దీర్ఘకాలిక కిడ్నీ వైఫల్యం లాంటి జబ్బుల చికిత్సకి 40,000 (రోగికి 60 దాటితే 1,00,000) మినహాయింపు ఉంది. బీమా ఇచ్చిన సొమ్ము అందులోంచి తీసేస్తారు. మీ మీద ఆధారపడ్డ జీవిత భాగస్వామికి 40 శాతం వైకల్యం ఉంటే 75,000, 80 శాతం ఉంటే 1,25,000 మీ ఆదాయంలోంచి తగ్గుతుంది, ఖర్చు ఎంతయినా సరే.

## జబ్బు చాన్నాళ్ళు సాగితే

సంతకం పెట్టలేకపోతున్నారు. బ్యాంకు డబ్బు ఎలా తియ్యాలి?

స్పృహలో ఉండి చెయ్యి కదలకపోతే వేలిముద్ర, అదీ కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు కావాలి, అందులో ఒకరు బ్యాంకు అధికారి. ఇది రిజర్వ్ బ్యాంకు మార్గదర్శకమే. బ్రాంచిలో తెలియదంటే మేనేజరుతో ఆ మాటే చెప్పండి.

స్పృహలో లేకపోతే కష్టం. ఖాతా ఆయన ఒక్కరి పేరునే ఉంటే భార్యయినా తియ్యలేరు, నామినీకి మనిషి బతికుండగా ఏ హక్కూ లేదు. సంరక్షకులుగా నియమించమని హైకోర్టుకు వెళ్ళాల్సి వస్తుంది. అందుకే స్పృహలో ఉన్నప్పుడే ఖాతాని ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ (ఇద్దరిలో ఎవరైనా తీసుకోగలిగే) పద్ధతిలో జాయింట్ చేసుకోండి. ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ అని రాయిస్తే మొదటి పేరున్న మనిషి బతికుండగా ఆ మనిషే తియ్యాలి, మొదటి పేరు ఆయనదైతే మీకు ఇప్పుడు పనికిరాదు. ఫారంలో ఆ ఒక్క టిక్కు చూసుకోండి.

పవర్ ఆఫ్ అటార్నీ రాయించుకుంటే సరిపోతుంది కదా?

తెలివిలో ఉన్నంతవరకే. మతిస్థిమితం పోయిన రోజున అది చట్టప్రకారం ఆగిపోతుంది. సరిగ్గా అవసరమైనప్పుడే పనికిరాదన్నమాట. మంచంలో ఉన్నా మాట స్పష్టంగా ఉన్న మనిషి తరఫున రిజిస్ట్రేషన్లూ బ్యాంకు పనులూ చెయ్యడానికి బాగానే ఉంటుంది.

నామినీగా నా పేరుంది. మళ్ళీ వీలునామా ఎందుకు?

నామినీ అంటే డబ్బు అందుకునే మనిషి. బ్యాంకు డబ్బు విషయంలో హక్కు వారసులందరిదీ. వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి. ఆస్తి అందుకునేవాళ్ళని సాక్షులుగా పెట్టకండి. జబ్బులో రాస్తున్నారు కాబట్టి, ఆ రోజు తేదీతో ‘తెలివిగా ఉన్నారు’ అని డాక్టరు సర్టిఫికెట్ జతచేస్తే రేపు తగువు తేలిగ్గా తెగుతుంది. పీఎఫ్‌లో పెళ్ళికి ముందు పెట్టిన నామినేషన్ పెళ్ళితో చెల్లకుండా పోతుంది, కొత్తది ఆన్‌లైన్లో పెట్టండి.

కోలుకుని మళ్ళీ ఉద్యోగంలో చేరితే పాతవన్నీ కలుస్తాయా?

పాత యూఏఎన్, పాత ఈఎస్ఐ నంబరే ఇవ్వాలి, కొత్తవి తీసుకోకూడదు. తియ్యకుండా ఉంచిన పీఎఫ్, పింఛను సర్వీసు కలుస్తాయి. గ్రాట్యుటీ మాత్రం కొత్త యజమాని దగ్గర మొదటి నుంచీ లెక్క. కొత్త కంపెనీ గ్రూప్ పాలసీల్లో చాలావరకు పాత జబ్బుకి మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది, ఆఫర్ లెటరు ఒప్పుకునేముందు ఆ ఒక్క ప్రశ్న హెచ్‌ఆర్‌ని మెయిల్లో అడగండి. సొంతంగా తీసుకున్న పాలసీని అప్పుడు కూడా ఆపకండి.